ఊరెళ్లే ముందు తగ్గిన బరువు తిరిగొచ్చాక ఎందుకు పెరుగుతోంది?

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలివి. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం ఎప్పటిలాగే రాతలో పెడుతున్నాం.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్నా, క్లాంగ్‌లో ఉన్నా, పెనాంగ్, జొహోర్ ఫ్యాక్టరీల్లో ఉన్నా, రెస్టారెంట్ వెనకాల మెట్ల మీద కూర్చుని బ్రేక్ టైంలో వింటున్నా, అందరూ బాగున్నారని అనుకుంటున్నాను.

ఈ మధ్య మనకొచ్చిన వాయిస్ మెసేజ్‌లలో ఒకటి మీకు చెప్పాలి. ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, చెల్లి పెళ్లికి ఊరెళ్లాలని రెండు నెలలు కడుపు మాడ్చుకుని ఎనిమిది కిలోలు తగ్గాను. తిరిగొచ్చి ఆరు నెలలు కాలేదు, పది కిలోలు పెరిగాను. ఇలా అవడం ఇది మూడోసారి. నాకు పట్టుదల లేదా, నా ఒంట్లోనే ఏదన్నా లోపం ఉందా?"

తమ్ముడూ, నీ ఒంట్లో లోపం లేదు. నీకు పట్టుదలా తక్కువ లేదు. పన్నెండు గంటలు నిలబడి పనిచేస్తూ రెండు నెలలు ఆకలి ఓర్చుకున్నవాడికి పట్టుదల లేదని ఎవరంటారు? నువ్వు ఎంచుకున్న పద్ధతే తిరిగి పెంచే పద్ధతి. అది ఎందుకో, దాని బదులు ఏం చేయొచ్చో ఇవాళ చెప్పుకుందాం. నేను డాక్టర్‌ని కాను. చదివి తెలుసుకున్నదీ, ఇక్కడి రూముల్లో, మెస్సుల్లో మనం బతికే తీరులో చూసిందీ కలిపి చెబుతున్నాను.

ఒళ్లు ఎందుకు ఎదురు తిరుగుతుంది

ముందు మొదటి వారం సంగతి. అన్నం మానేసిన మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గిపోతాయి. మనకి హుషారు వచ్చేస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం కొవ్వు కాదు, నీళ్లు. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక గ్రాము గ్లైకోజన్ సుమారు మూడు గ్రాముల నీళ్లను పట్టి ఉంచుతుంది. అన్నం మానితే ఆ నిల్వ కరుగుతుంది, దాంతోపాటు నీళ్లూ పోతాయి. ఊళ్లో దిగి రెండు రోజులు అన్నం, పప్పు, పెళ్లి భోజనం తినగానే ఆ నీళ్లు మళ్లీ వచ్చేస్తాయి. "రెండు రోజులకే రెండు కిలోలు పెరిగానురా" అంటారే, అది ఇదే.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. తమంతట తాము ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకు ఆరు నెలల పాటు రోజుకు సుమారు 1,600 కేలరీల తిండి పెట్టాడు. ఇప్పుడు యూట్యూబ్‌లో కనిపించే చాలా డైట్లలో ఇంతకన్నా తక్కువే ఉంటుంది. వాళ్లు దాదాపు నాలుగో వంతు బరువు తగ్గారు. అయితే వాళ్ల మనసంతా తిండి మీదే. మాటల్లో తిండి, కలల్లో తిండి. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. ప్రయోగం అయిపోయాక కొందరు రోజుకు కొన్ని వేల కేలరీలు తిన్నా ఆకలి తీరలేదు. చివరికి ఒంట్లో కొవ్వు మొదట ఉన్నదానికన్నా ఎక్కువైంది. వాళ్లంతా సన్నటి కుర్రాళ్లు, తిండిపోతులు కాదు. ఒంటికి అది కరువులా తోచింది, కరువుకి ఎలా జవాబివ్వాలో అలా ఇచ్చింది.

2011లో ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో ఇంకో పరిశోధన వచ్చింది. బరువు ఎక్కువున్న 50 మందిని పది వారాలు చాలా తక్కువ తిండి మీద ఉంచారు. సగటున 13 కిలోలకు పైగా తగ్గారు. ఒక సంవత్సరం తర్వాత పరీక్ష చేస్తే, ఆకలి పుట్టించే హార్మోన్లు ఇంకా ఎక్కువగానే ఉన్నాయి, కడుపు నిండిందని చెప్పేవి ఇంకా తక్కువగానే ఉన్నాయి. డైట్ మానేసి సంవత్సరమైనా ఒళ్లు మర్చిపోలేదన్నమాట.

అమెరికా టీవీలో పోటీ పడి బరువు తగ్గే షో ఒకటి ఉండేది, ది బిగ్గెస్ట్ లూజర్. అందులో పాల్గొన్న 14 మందిని పరిశోధకులు ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. వాళ్లు సగటున 58 కిలోలు తగ్గి, అందులో 41 కిలోలు తిరిగి పెరిగారు. ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చు చేసే శక్తి, ఆ బరువు మనిషికి ఉండాల్సిన దానికన్నా రోజుకు 500 కేలరీలు తక్కువగా ఉంది. తిండి తగ్గేసరికి ఒళ్లు ఖర్చులు తగ్గించుకుంది. జీతం ఆపేస్తే మనం ఏం చేస్తాం? రీచార్జ్ దగ్గర్నుంచి అన్నీ తగ్గించుకుంటాం. ఒళ్లూ అంతే.

ఇంకో మాట. గబగబా తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. తిరిగి పెరిగేటప్పుడు కొవ్వే ముందు, ఎక్కువగా వస్తుంది. అందుకే మూడుసార్లు తగ్గి మూడుసార్లు పెరిగినవాళ్లు "అదే బరువున్నా ఇదివరకటి బలం లేదన్నా" అంటారు.

మన డైట్లు, మన డ్యూటీలు

2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ మన రెండు రాష్ట్రాల్లో ఎలా పాకిందో మీకు గుర్తుండే ఉంటుంది. అన్నం, చపాతీ, చక్కెర బంద్. కొబ్బరినూనె, నిమ్మరసం, సూపులు. అంతకుముందు నుంచీ మంతెన సత్యనారాయణరాజు గారి ఉప్పు, నూనె లేని వంటలు ఉన్నాయి. అవి చేసి తగ్గినవాళ్లు ఉన్నారు, నేను కాదనను. నేనడిగే ప్రశ్న ఒక్కటే. నువ్వు ఉండేది ఎనిమిది మంది ఉన్న రూంలో. వంటకి ఒకటే స్టవ్. మెస్‌లో పెట్టేది అన్నం, సాంబారు, కోడి కూర. కిచెన్ మూసేసరికి రాత్రి పన్నెండు. ఇక్కడ నువ్వు ఆ డైట్‌ని ఎన్నాళ్లు చేయగలవు? మూడు నెలలా? సరే, నాలుగో నెల సంగతేంటి?

ఏ డైట్ మంచిదని అడిగే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: "ఇదే తిండి, ఇదే డ్యూటీతో రెండేళ్లు తినగలనా?" లేదనిపిస్తే మొదలుపెట్టొద్దు. మొదలుపెడితే పైన చెప్పిన కథే మళ్లీ జరుగుతుంది.

మనం ఉన్న దేశం సంగతి కూడా తెలుసుకోవాలి. 2023లో మలేషియా ఆరోగ్య శాఖ చేసిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్లలో 54.4 శాతం మంది బరువు ఎక్కువున్నవాళ్లే అని తేలింది. 15.6 శాతం మందికి షుగర్ ఉంది. ఇక్కడ అర్ధరాత్రి రెండింటికి కూడా మమాక్ షాపులో వేడివేడి రోటీ చనాయ్ దొరుకుతుంది. డ్యూటీ దిగినవాడికి అదే ఊరట, అదే కబుర్ల చోటు. వెళ్లొద్దని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు.

కానీ గ్లాసులో ఏముందో చూడండి. తె తారిక్‌లో పోసే కండెన్స్‌డ్ మిల్క్‌లో సుమారు సగం చక్కెరే. ఒక్కో గ్లాసులో మూడు చెంచాల చక్కెర అనుకున్నా, నాలుగు గ్లాసులకి పన్నెండు చెంచాలు, అంటే 60 గ్రాములు. పైనుంచి వేసుకునే చక్కెర, రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి 50 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. టీలతోనే లెక్క దాటిపోయింది, ఇంకా మీలో తాగలేదు, డబ్బా డ్రింకు తాగలేదు. ప్రభుత్వం 2019 జూలై నుంచి తియ్యటి డబ్బా డ్రింకుల మీద లీటరుకు 40 సెన్ల పన్ను వేసింది, 2025 జనవరికి అది 90 సెన్లయింది. మమాక్ గ్లాసుకి ఆ పన్ను లేదు, అక్కడ లెక్క మనమే చూసుకోవాలి.

మరి ఏం చేయాలి

మొదటి గురి: తగ్గడం కాదు, పెరగకుండా ఆగడం. మూడు నెలలు నీ బరువు ఉన్నచోటే ఉంటే అది గెలుపే. అది చేతనైన తర్వాత, ఉన్న బరువులో 5 శాతం తగ్గాలని పెట్టుకో. 80 కిలోలు ఉంటే 4 కిలోలు. దానికి ఆరు నెలలు తీసుకో. అద్దంలో పెద్దగా తేడా కనబడదు. బీపీలో, షుగర్‌లో కనబడుతుంది.

రెండోది గ్లాసు. మమాక్‌లో రెండు మాటలు చాలు. "కురాంగ్ మానిస్" అంటే తీపి తక్కువ. "తె ఓ కోసోంగ్" అంటే పాలు, చక్కెర లేని టీ. మొదటి నెల కురాంగ్ మానిస్, తర్వాత రోజుకో గ్లాసు కోసోంగ్. గ్లాసు రెండు రింగిట్లే అనుకున్నా, రోజుకు రెండు గ్లాసులు మానేస్తే నెలకు 120 రింగిట్లు మిగులుతాయి.

మూడోది పళ్లెం. ఇక్కడి ఆరోగ్య శాఖ "సుకు సుకు సెపారుహ్" అని ప్రచారం చేస్తుంది. పళ్లెంలో పావు వంతు అన్నం, పావు వంతు చేప, కోడి, గుడ్డు, పప్పు లాంటివి, మిగతా సగం కూరగాయలు, పండ్లు. అన్నం మానమని కాదు. మనం మాత్రం ముప్పావు పళ్లెం అన్నం పెట్టుకుని పక్కన కొంచెం కూర వేసుకుంటాం. ఒక్కసారిగా మార్చలేరు. ముందు రెండోసారి అన్నం వడ్డించుకునేటప్పుడు సగమే పెట్టుకోండి. మెస్‌లో కూరలు తక్కువైతే, రూంలో కలిసి వంతులేసుకుని కొనుక్కోండి. బాయమ్ అంటే మన తోటకూర, కంగ్‌కుంగ్ అంటే తూటికూర, కచంగ్ పాంజాంగ్ అంటే పొడుగు అలసందకాయలు. కెంబుంగ్ చేప మన కోస్తావాళ్ల కానాగంతే. ఇవేవీ ఖరీదైనవి కావు, పసర్ మలమ్‌లో కూడా దొరుకుతాయి.

నాలుగోది వేళ. మధ్యాహ్నం తినకుండా లాగించి రాత్రి పన్నెండుకి రెండు పూటలదీ కలిపి తినడం మన రెస్టారెంట్ తమ్ముళ్లందరికీ అలవాటు. ఇక్కడి 1955 ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ ప్రకారం, వరసగా 5 గంటలకు మించి పనిచేయించేటప్పుడు మధ్యలో కనీసం 30 నిమిషాల విరామం ఇవ్వాలి. 2023 జనవరి 1 నుంచి వారానికి పని 45 గంటలే, ఆపైన చేయిస్తే ఓవర్‌టైం. కాగితం మీద ఉన్నది అన్ని కిచెన్లలోనూ జరగదని నాకూ తెలుసు. అయినా రూల్ ఉందని తెలిసుంటే, సూపర్‌వైజర్ని నెమ్మదిగా అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. అది కుదరని రోజు రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక అరటిపండు జేబులో పెట్టుకుని వెళ్లండి.

అయిదోది నిద్ర. చికాగోలో 12 మంది కుర్రాళ్లను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే, ఆకలి హార్మోన్ పెరిగింది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్ తగ్గింది. నైట్ డ్యూటీ మన చేతిలో లేదు. డ్యూటీ దిగాక మంచం మీద రెండు గంటల ఫోన్ మన చేతిలో ఉంది.

ఆరోది తూకం. అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్టర్ నడుస్తోంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఒక ఏడాదికి పైగా పెరగకుండా నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు అందులో ఉన్నాయి. వాళ్లు తగ్గిన దారులు రకరకాలు. కానీ నిలబెట్టుకున్న దారుల్లో పోలికలున్నాయి: ఎక్కువమంది వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు, ఉదయం టిఫిన్ మానరు, రోజుకు గంటదాకా నడకో వ్యాయామమో చేస్తారు. రూంకి ఒక తూకం మిషన్ కొనుక్కోండి, అందరూ తలా కొంచెం వేసుకుంటే చాలు. వారానికి ఒకే రోజు, పొద్దున్నే, ఏమీ తినకముందు. రెండు కిలోలు పెరిగితే అప్పుడే చూసుకోవచ్చు, పది పెరిగాక కాదు. నడుము కొలత కూడా చూసుకోండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలి. మన ఆసియావాళ్లకు బరువు హద్దు కూడా తక్కువే. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి సుమారు 66 కిలోలు దాటితే షుగర్ ముప్పు పెరగడం మొదలవుతుంది.

ఏడోది ఊరి ప్రయాణం. ఊరెళ్లే ముందు రెండు నెలలు ఉపవాసాలు వద్దు. ఊళ్లో నెల రోజులు అమ్మ పెట్టింది తినండి, ఆ మాత్రం సుఖం మనకు రాసిపెట్టి ఉంది. పొద్దున్న లేచి పొలం గట్టుదాకా నడవండి. తిరిగొచ్చిన వారం నుంచి మళ్లీ మామూలు పళ్లెం, వారం తూకం. శిక్ష వేసుకోవద్దు.

వీటి జోలికి వెళ్లొద్దు

సన్నబడే కాఫీ, సన్నబడే మాత్రలు అని ఫేస్‌బుక్‌లో, రూముల్లో అమ్ముతున్నారు. అలాంటివాటిలో సిబుట్రమిన్ అనే మందు కలిపి ఉండటం ఇక్కడ పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లోనే చాలా దేశాల్లో మార్కెట్ నుంచి తీసేసిన మందు అది. ఇక్కడ రిజిస్టరైన మందు పెట్టె మీద ఎం.ఏ.ఎల్. నంబరు, హోలోగ్రామ్ ఉంటాయి. అవి లేనిది కొనొద్దు.

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా పూటలు మానొద్దు. మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. మరిగే నూనె ముందు నిలబడ్డప్పుడో, నిచ్చెన మీద ఉన్నప్పుడో అలా అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి కూడా అడుగుతున్నారు. అవి పనిచేస్తాయి, డాక్టర్ రాస్తేనే తీసుకోవాలి. కానీ సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చాయని 2022లో వచ్చిన పరిశోధన చెప్పింది. నెలనెలా కొనగలిగే స్తోమత లేకుండా మొదలుపెడితే అదీ ఊరి ముందు డైట్ లాంటిదే.

చివరగా ఒక మాట

మనం ఇక్కడికి వచ్చింది ఒళ్లు అమ్ముకుని ఇంటికి డబ్బు పంపడానికి. ఆ ఒళ్లే మన పెట్టుబడి. నలభై ఏళ్లకి షుగర్ తీసుకుని ఊరెళితే, పంపిన డబ్బు ఆస్పత్రికే వెళుతుంది. అందుకే ఇది పెళ్లి ఫోటోల సంగతి కాదు. వీడియో కాల్‌లో అత్తమ్మ "లావెక్కావురా" అన్నా, మామయ్య "చిక్కిపోయావేంటి" అన్నా నవ్వి ఊరుకోండి. వాళ్ల మాట మీద డైట్ మొదలుపెట్టొద్దు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం, షుగర్ వచ్చే అంచున ఉన్న 531 మంది మనలాంటి భారతీయుల మీద మూడేళ్లు పరిశోధన చేసి 2006లో ఫలితాలు చెప్పింది. తిండి సరిచేసుకుని, నడక పెంచినవాళ్లలో షుగర్ రావడం 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, అయినా మేలు జరిగింది. కాబట్టి తూకం ముల్లు కదలకపోయినా, తె ఓ కోసోంగ్ తాగిన రోజు, పావు పళ్లెం అన్నం పెట్టుకున్న రోజు, అరగంట నడిచిన రోజు వృథా పోదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు ఇదే. ఈసారి మూడు నెలలు పెరగకుండా ఉండి చూడు. మిగతావాళ్లు కూడా ఈ వారం ఒక్క గ్లాసు మార్చి, ఎలా ఉందో వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి, వేళకి తినండి. ఉంటాను.